మన కళాశాల చిత్రసంపద

ఒక విద్యాసంస్థ చరిత్రలో సగము రిజిస్టర్లలో ఉండును. తక్కిన సగము ఛాయాచిత్రములలో ఉండును. వార్షికోత్సవములు, ముషాయిరాలు, కవి సమ్మేళనములు, ఆటల పోటీలు – ఇవన్నియు ఒకప్పుడు ఆల్బములలో భద్రముగా ఉండెడివి. ఆ ఆల్బమునకొక బీరువా, ఆ బీరువాకొక తాళపుచెవి, ఆ తాళపుచెవికొక బాధ్యుడు ఉండెడివారు. నేడు చిత్రములు సెల్‌ఫోన్లలోను, కంప్యూటరు ఫోల్డర్లలోను చెల్లాచెదరుగా ఉన్నవి. వీనికి బాధ్యులెవరు? కళాశాలలు తమ వెబ్‌సైట్లను క్రొత్తగా నిర్మించుకొనుచున్న ఈ కాలమున ఈ ప్రశ్నను కార్యవర్గము వారి ముందును, తోటి విద్యార్థినీ విద్యార్థుల ముందును ఉంచదలచితిమి.

ప్రోగ్రాము వ్రాయుట తెలియనివారు సైతము వెబ్‌సైటులోని పుటలను మార్చుకొనుటకు వీలు కల్పించు వ్యవస్థను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అందురు. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వీనిలో మిక్కిలి ప్రచారము పొందినది. చిత్రములు దాచుటకు దానిలోనే ఒక ఏర్పాటు కలదు. శీర్షిక, వ్యాఖ్య, వివరణ, చిత్రమును చూడలేనివారి కొరకు ప్రత్యామ్నాయ పాఠము అను గడులును కలవు. ఇంత ఉండగా ఇంకేమి కావలెనని కొందరు అడుగవచ్చును. చిత్రమును దాచుట వేరు, నిర్వహించుట వేరు అని మా సమాధానము. ధాన్యమును గాదెలో పోయుట ఒక పని. అది ఏ యేటి పంట, ఏ పొలము పంట, అందెవరి పాలు ఎంత అని లెక్క వ్రాసియుంచుట మరొక పని.

హైదరాబాదు వారికి రాజా దీన్ దయాళ్ పేరు క్రొత్త కాదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన 1905లో కీర్తిశేషుడయ్యెను. ఆయన గాజు పలకల నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి. పగులు స్వభావము గల గాజు అంతకాలము నిలిచినది. మన చిత్రములకు పగులు భయము లేదు, కాని 'ఐ.ఎం.జి. 4021' అను పేరుతో ఫోల్డరులో పడియున్న చిత్రము పగులకయే పోవును. పదేండ్ల పిమ్మట అందలి వ్యక్తులను గుర్తించువారు లేనినాడు అది ఉన్నను లేనట్లే.

మన వంటి ద్విభాషా కళాశాలకు ఇచట ఒక ప్రత్యేక సమస్య కలదు. ఉర్దూలో నాలుగక్షరములతో ఒకే తీరున వ్రాయబడు పేరు తెలుగులో మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అని పలు విధములుగా కనబడును. ఒక రూపముతో వెదకినవారికి తక్కిన రూపములు దొరకవు. అట్లే తెలుగులోని ణ, ళ అక్షరములకు ఉర్దూలో ప్రత్యేకాక్షరములు లేవు. కావున ప్రతి పేరును రెండు లిపులలోను చిత్రముతోపాటు నమోదు చేయవలెను. అంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. బృంద చిత్రము క్రింద తెలుగువారు 'ఎడమనుండి కుడికి' అని వ్రాయుదురు. ఉర్దూ వారు తరచుగా 'దాయే సే బాయే', అనగా కుడినుండి ఎడమకు, అని వ్రాయుదురు. ఈ భేదమును గమనింపక ఒక వ్యాఖ్యలోని పేర్ల వరుసను రెండవదానిలోనికి ఎత్తి వ్రాసినచో ఉపన్యాసకుని పేరు విద్యార్థికిని, విద్యార్థి పేరు ఉపన్యాసకునికిని అంటును. ఎవరు ఏ స్థానమున ఉన్నారో ఒక్కసారి నమోదు చేసి, ఏ భాషకు తగిన వరుస ఆ భాషలో కనబడునట్లు వ్యవస్థను నిర్మించుట దీనికి మందు.

ఇక సమ్మతి విషయము. మన సోదరీమణులలో కొందరు తమ చిత్రము లోకమంతటికి కనబడుటకు ఇష్టపడరు. నేడు సమ్మతించినవారు రేపు వలదనవచ్చును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ సంరక్షణ చట్టము ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొను హక్కును గుర్తించినది. చట్టము అట్లుండగా, మర్యాద యనునది ఒకటి కలదు గదా! ఒకే చిత్రమును వార్తల పుటలో ఒకరు, శాఖ పుటలో మరొకరు, ప్రవేశముల పుటలో ఇంకొకరు వేర్వేరుగా చేర్చియున్నచో, తొలగింపుమని ఒక విద్యార్థిని కోరిననాడు దానిని ఎన్ని చోట్ల వెదకగలము? మూలచిత్రము ఒక్కటే ఉండవలెను; దానికొక సంఖ్య ఉండవలెను; పుటలన్నియు ఆ సంఖ్యద్వారానే దానిని చూపవలెను. అది ఏయే పుటలలో ఉన్నదో ఒక్క చోటనే తెలియవలెను. అప్పుడొక్క ఆజ్ఞతో అది మన పుటలన్నిటినుండి మరుగగును. ఇదియే ఈ నిర్మాణమునకు పునాదిరాయి అని మా దృఢ విశ్వాసము.

పరిమాణము మాటయు చెప్పక తప్పదు. నేటి ఫోనుతో తీసిన చిత్రము నాలుగు మెగాబైట్లు ఉండుట సామాన్యము. అట్టివి ఇరువది ఒక పుటలో పెట్టినచో 80 మెగాబైట్లగును. పల్లెనుండి ప్రవేశ వివరములకై చూచు విద్యార్థి ఫోనులోని డేటా అందుకే వ్యయమగును. అదే చిత్రమును 200 కిలోబైట్లకు కుదించినచో పుట మొత్తము నాలుగు మెగాబైట్లతో ముగియును. మూలమును చెక్కుచెదరక దాచి, పుటకు చిన్న ప్రతిని మాత్రమే పంపవలెను. చిత్రములో దాగియుండు స్థలసూచనను, అనగా ఫోను తనంతట వ్రాయు అక్షాంశ రేఖాంశములను, ఆ ప్రతినుండి తొలగించుటయు అవసరము.

ఇందుకు ధనమెక్కడిదని కార్యవర్గము వారు ప్రశ్నింపవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. అయితే ఇందు ఖరీదైన యంత్రసామగ్రి లేదు. ఉన్న వ్యవస్థకే సందర్భము, తేదీ, తీసినవారు, రెండు లిపులలో పేర్లు, సమ్మతి అను కొన్ని గడులు చేర్చవలెను. సమ్మతి గడి నిండనిదే చిత్రము ప్రకటితము కాకుండునట్లు కట్టడి చేయవలెను. మూలచిత్రముల ప్రతి నొకదానిని కళాశాల వెలుపల వేరొకచోట ఉంచవలెను. కావలసినది ధనముకంటె నియమము. గడులు నింపు పని విద్యార్థులది. రెండు భాషలును ఎరిగిన విద్యార్థులు మన కళాశాలలో ఉన్నంత సులభముగా అన్యత్ర లభింపరు. పాత ఆల్బములలోని వారిని గుర్తింపగల పెద్దలు నేడింకను మన మధ్య ఉన్నారు. వారివద్దకు పోయి అడిగి వ్రాసికొనుటకు తగిన సమయము ఇదియే.

ప్రతి చిత్రమునకు ఒక సంఖ్య, ప్రతి ముఖమునకు ఒక పేరు, ప్రతి పేరునకు ఒక సమ్మతి – ఈ మూడును లేని వెబ్‌సైటు ఎంత అందముగా ఉన్నను అది గోడకు వేసిన రంగు మాత్రమే. కార్యవర్గము వారు ఈ విషయమును సానుభూతితో పరిశీలించి, రాబోవు విద్యాసంవత్సరారంభమునకే ఒక చిన్న సంఘమును నియమింతురని ఆశించుచున్నాము. పిలుపు వచ్చిననాడు విద్యార్థిలోకము వెనుకంజ వేయదని హామీ ఇచ్చుచున్నాము.