పింగాణీని మోసిన గాలి ఏది?

లాంగ్‌ఫెలో 1878లో ప్రచురించిన 'కెరమాస్' వంటి కవితను యానిమేషన్ చిత్రంగా తీయాలని ఉబలాటపడేవారికి నేనొక ప్రశ్న వేయదలచాను: ప్రాణం పోస్తారు సరే, ఎవరికి పోస్తారు?

ఈ అమెరికన్ కవి ఊహల రెక్కలు తొడుక్కుని దేశదేశాల కుమ్మరి ఊళ్లు తిరుగుతాడు. చైనాలోని జింగ్‌దెజెన్ మీదికి వచ్చి, వేల బట్టీల మంటను పక్షిలాగా పైనుంచి చూస్తాడు. అక్కడి పింగాణీ పాత్రలు రాలుటాకుల్లాగా ఎగిరి ప్రపంచంలోని బజార్లన్నిటికీ చేరుకుంటాయట! అందమైన ఉపమానమే. చిత్రకారుడికి ఇంతకన్న ఏం కావాలి? నీలిగీతల పళ్లాలు తేలుతూ సముద్రాలు దాటుతాయి, ప్రేక్షకుడు పరవశిస్తాడు. అబద్ధానికి ప్రాణం వచ్చేది అక్కడే.

ఆకులను గాలి మోస్తుంది. పింగాణీని యూరపుకు మోసింది వర్తక కంపెనీ. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మనుషులు 1603లో సింగపూరు దగ్గర 'శాంటా కాటరీనా' అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. అందులోని సరుకును 1604లో ఆమ్‌స్టర్‌డాంలో వేలం వేశారు. 1752లో అదే కంపెనీ ఓడ 'గెల్డర్‌మాల్సెన్' దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. అందులోని 112 మందిలో 32 మందే బతికారు. 1985లో పైకి తీసిన పింగాణీ మాత్రం 1986లో మళ్లీ ఆమ్‌స్టర్‌డాం వేలంలోనే అమ్ముడుపోయింది. సరుకు రెండుసార్లు బతికింది. నావికుడు ఒక్కసారే చచ్చాడు.

ఇక చేసిన చేతుల మాట. ఒక్కొక్క పాత్ర డెబ్బై మంది చేతుల మీదుగా పోతుందని జెస్యూట్ మతగురువు దాంత్రకోల్ 1712లోనే జాబు రాశాడు. లాంగ్‌ఫెలో కవిత పొడుగునా కుమ్మరి పాట వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. కాని చైనా ఘట్టంలో మనిషి పళ్లెం మీది బొమ్మగా తప్ప కనిపించడు. 1850లలో తైపింగ్ యుద్ధకాలంలో జింగ్‌దెజెన్ బట్టీలు ధ్వంసమయ్యాయి. ఆ ఊసు కవితలో లేదు.

"కవితకు విధేయంగా ఉండవద్దా?" అంటారు కళావాదులు. విధేయత దేనికి? పోలికకా, ఆ పోలిక దాచిన సత్యానికా? వందలాది బొమ్మలు గీస్తేగాని నిమిషం చిత్రం రాదు. అంత శ్రమ చేసే చిత్రకారుడే మరొక శ్రామికుణ్ణి తెరమీదనుంచి తుడిచివేస్తే, తన చేతిని తానే తుడిచివేసుకున్నట్టు.

ఆకులు ఎగరనివ్వండి. కాని మట్టి తొక్కిన కాలు, నీలం అద్దిన వేలు, ఓడకెత్తిన భుజం కూడా తెరమీద కదలాలి. కవి పైనుంచి చూశాడు. చిత్రం తీసేవాడు కిందికి దిగాలి.