స్వబలమా? పరబలమా?

సరిహద్దును సొంత సేనతో కాచుకొనుటయా, బలవంతుల మైత్రిని నమ్ముకొనుటయా యను ప్రశ్న పోలండు ప్రజలకు వట్టి చర్చావిషయము గాదు. 1939 మార్చి 31న బ్రిటను వారికి అభయమిచ్చెను. సెప్టెంబరు 1న జర్మనీ వారిపై దండెత్తెను. 3న బ్రిటను, ఫ్రాన్సులు జర్మనీపై యుద్ధము ప్రకటించెను. మాట దక్కినది, వార్సాను కాపాడు సేన మాత్రము రాలేదు. 17న తూర్పునుండి సోవియట్టు సేనలును వచ్చిపడెను. 1999లో నాటో కూటమిలో చేరియు, పోలండు 2024లో స్థూల దేశీయోత్పత్తిలో నూటికి నాలుగు వంతులకు మించి తన సేనపై వెచ్చించినదనిన, మాకు వింత తోచదు.

ఇంత దూరపు ముచ్చట మనకేల యని పఠనమందిరమున నొక మిత్రు డడుగవచ్చును. మఠంపల్లి ప్రాంతమున మట్టపల్లి రేవులో నిలిచి, కృష్ణ ఆవలి గట్టును చూడుడు. ఒకప్పుడు రెండు గట్లును నిజాము ఏలుబడిలోనివే. 1766 సంధితో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సీమ కంపెనీ పాలయ్యెను. ఒకే భాష మాటలాడు జనుల నడుమ ఎల్ల గీచినది నది గాదు, సంధిపత్రములు. అవసరమునకు సేన నిత్తుమని వ్రాసిన ఆ కంపెనీయే 1795లో ఖర్దా వద్ద మరాఠాలు నిజామును ఓడించినప్పుడు తటస్థముగ నుండెను.

నిజాం అలీఖానునకు తెలివి రాకపోలేదు. రేమాండుచేత పదాతిదళములను పెంపుచేయించెను. నాయకులు ఫ్రెంచివారు గనుక నదియు సగము అరువు బలమే! 1798లో రేమాండు మరణించెను. ఆ యేటనే వెల్లస్లీతో సంధి కుదిరి ఆ దళములు రద్దయ్యెను. వాని స్థానమున కంపెనీ పటాలములు, వానికి ఏటా 24 లక్షలకు పైబడిన రూపాయలు. 1800లో ఆ రొక్కమునకు బదులు మైసూరు యుద్ధములలో వచ్చిన బళ్లారి, అనంతపురము, కడప సీమలు పోయెను. కంటింజెంటు సేన బాకీ క్రింద 1853లో బీరారు పోయెను. కావలివాని జీతమునకై ఇంటి గదులను ఒక్కొక్కటిగ వ్రాసియిచ్చిన గృహస్థును లోక మేమనును?

మైత్రి కూడదని మే మనము. 1971 ఆగస్టులో భారతదేశమును సోవియట్టుతో ఒడంబడిక చేసికొన్నది. కాని ఆ డిసెంబరున రణమున నిలిచినది మన జవానే.

నిజాముగారి కావలివాడు 1947 ఆగస్టులో మూటగట్టుకొని పోయెను. అంతట నిజాము ప్రభుత్వము సిడ్నీ కాటన్ విమానములలో దొంగచాటుగ ఆయుధములు తెప్పించెను. 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకొనెను. అన్ని దిక్కులను చూచినవారు నల్లగొండ రైతువైపు మాత్రము చూడరైరి. వెట్టి మాన్పుమన్నవానిపైకి రజాకార్లను వదలిరి. అట్టి రాజ్యమును కాచుటకు వా డేల ముందుకు వచ్చును? సెప్టెంబరు 13 ఉదయముననే బెజవాడ బాటను వచ్చిన భారత సేన కోదాడ చేరెను. సూర్యాపేట వద్ద నిజాము సేన మూసీ వంతెనను కూల్చిపోయెను. కూల్చినదానిని కాచుటకు నిలువలేదు. వంతెన త్వరలోనే బాగుపడెను. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను.