చాకిరోగ్లుతో మళ్లీ పోరు జరిగితే.. నిఖత్‌కు తొలి రౌండే కీలకం

నిజామాబాద్: ఇందూరు బిడ్డ నిఖత్ జరీన్, తుర్కియే బాక్సర్ బూసెనాజ్ చాకిరోగ్లు మరోసారి తలపడితే విజయం ఎవరిని వరిస్తుంది? గత ఫలితాలను పరిశీలిస్తే స్వల్ప మొగ్గు చాకిరోగ్లు వైపే కనిపిస్తోంది. అయితే దానిని తారుమారు చేయగల సత్తా నిఖత్‌కు లేకపోలేదు.

2021లో ఇస్తాంబుల్‌లో జరిగిన బాస్ఫరస్ టోర్నీ సెమీస్‌లో నిఖత్ 0-5తో ఓటమి చవిచూశారు. మరుసటి ఏడాది స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో 4-1తో బదులు తీర్చుకున్నారు. అదే ఏడాది మేలో ప్రపంచ విజేతగా నిలిచారు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో మాత్రం చాకిరోగ్లు 5-0తో నెగ్గారు.

5-0 అనగానే పోరు ఏకపక్షమని భావించరాదు. ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఒకరినే విజేతగా గుర్తించారని మాత్రమే దాని అర్థం. సాధారణంగా రౌండులో పైచేయి సాధించినవారికి 10, ప్రత్యర్థికి 9 పాయింట్లు లభిస్తాయి. ఉండేది మూడు రౌండ్లే. తొలి రెండూ చేజారితే మూడో రౌండులో ఎంత చెలరేగినా కోలుకోవడం దుర్లభం. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లలో రజతాలు సాధించిన అనుభవజ్ఞురాలికి ఆధిక్యం అప్పగిస్తే తిరిగి రాబట్టుకోవడం మరింత కష్టం. అందుచేత ఆరంభం నుంచే స్పష్టమైన పంచ్‌లతో దాడికి దిగడమే నిఖత్‌కు శరణ్యం. వేచిచూస్తే లివర్‌పూల్ ఫలితమే పునరావృతం కావచ్చు.

తుర్కియే ఐరోపా విభాగంలో పోటీ పడుతున్నందున ఆసియా వేదికలపై వీరు ఎదురుపడరు. మిగిలినవి ప్రపంచస్థాయి పోటీలు, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. 1996లోనే జన్మించిన వీరిద్దరికీ అప్పటికి 32 ఏళ్లు నిండుతాయి. పారిస్‌లో పతకం లేకుండానే వెనుదిరిగిన నిఖత్‌కు ఆ లోటు పూడ్చుకునేందుకు మిగిలిన గడువు స్వల్పమే.