పిల్లి ఎటు తిరిగినా పిల్లే

మా వాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పటి సంగతి. చిన్న బి రాయమంటే చిన్న డి రాసేవాడు. మూడో రోజు నాకు ఒళ్ళు మండి, "కళ్ళు ఎక్కడ పెట్టుకుని రాస్తున్నావురా?" అని కసిరాను. వాడు పెన్సిల్ పక్కన పెట్టేసి కూర్చున్నాడు.

పేరెంట్ టీచర్ మీటింగులో నా గోడు వెళ్ళబోసుకుంటే వాళ్ళ టీచర్ నవ్వేశారు. ఐదేళ్ళ పిల్లలు అక్షరాలు తిప్పి రాయడం మామూలేనట. పిల్లి కుడివైపు చూసినా ఎడమవైపు చూసినా పిల్లేనని వాళ్ళ మెదడు ఎప్పుడో నేర్చేసుకుంది. ఇప్పుడు హఠాత్తుగా, ఇటు తిరిగితే బి, అటు తిరిగితే డి అంటే ఆ పాత పాఠం మరిచిపోవాలి. దానికి టైము పడుతుంది.

ఇంటికొస్తుంటే మా ఊరి ఒకటో తరగతి గుర్తొచ్చింది. నా పక్కన కూర్చునేవాడు 3 అంకె ఎప్పుడూ తిప్పే రాసేవాడు. మాస్టారు చెక్క స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. "మొద్దు" అన్న పేరు ఖాయమైపోయింది. మూడో తరగతిలో వాడు బడి మానేశాడు. మాస్టారు దుర్మార్గులేం కాదు. వాన పడితే మమ్మల్ని ఇళ్ళదాకా దిగబెట్టేవారు. ఆయనకి లెక్కలు తెలుసు, తెలుగు తెలుసు. ఆరేళ్ళ పిల్లాడి బుర్ర ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పలేదంతే.

బి.ఎడ్.లో పియాజే ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు. పొట్టి గ్లాసులో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని ఐదేళ్ళ పిల్లలు అంటారని చూపించింది ఆయనే. ఆ సిద్ధాంతం బట్టీపట్టి మార్కులు తెచ్చుకోవడం వేరు, క్లాసులో ఓ పిల్ల అలా అన్నప్పుడు తిట్టకుండా నీళ్ళు వెనక్కి పోసి చూపించడం వేరు.

2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మంచిదే. కానీ వీడెందుకిలా రాస్తున్నాడన్న ప్రశ్నకి జవాబు చట్టంలో దొరకదు.

అలాగని అన్నీ వదిలెయ్యమని కాదు. ఏడెనిమిదేళ్ళు దాటాక కూడా తిప్పి రాస్తూ, చదవడానికీ ఇబ్బంది పడుతుంటే నిపుణులకి చూపించాలి. ఎప్పుడు ఓపిక పట్టాలో, ఎప్పుడు కంగారు పడాలో తెలియాలన్నా ముందు ఆ వయసు గురించి తెలియాలి. మా ఉద్యోగాల్లో సగం రాసిన ప్రోగ్రాముని పట్టుకుని బగ్గులున్నాయని ఎవరూ తిట్టరు. పిల్లల దగ్గర మాత్రం సరిగ్గా అదే చేస్తాం. నేనూ చేశాను.

మనలో చాలామంది ఊరి బడికి కంప్యూటర్లు, బెంచీలు కొనిస్తుంటారు. ఈసారి ఆ డబ్బుతో ఒకటి, రెండు తరగతుల టీచర్లకి నాలుగు రోజులు ఈ విషయం మీద మంచి శిక్షణ ఇప్పిస్తే? మీరేమంటారు?