చిల్లర దేవుళ్లు పోయిరా?

తెలంగాణమున పూర్వపు నిజాము పాలనను గూర్చి ప్రసంగించునపుడు మనవారు ఉద్యమములను, సత్యాగ్రహములను, సాయుధ దళములను, 1948 సెప్టెంబరు నాటి సైనికచర్యను స్మరింతురు. అవి స్మరింపదగినవే. కాని ఆ దినములలో ఇండ్లయందేమి జరుగుచుండెను? వెట్టికి పోయిన తండ్రి చీకటిపడి ఇల్లు చేరి బిడ్డల మొగము చూచి ఏమనెను? దొరయింటి ఆడపడుచు తన తండ్రి చేతలను కన్నులార చూచి ఏమనుకొనెను? ఈ ప్రశ్నలకు సర్కారు దఫ్తరములలో సమాధానము లేదు. దానిని వెదకి మనకొసగినవాడు నవలాకారుడు. అట్టివారిలో దాశరథి రంగాచార్యులవారు అగ్రగణ్యులు. వారి నవలలు మన పఠనమందిరములలో మరల చేతులు మారవలెనని మా విన్నపము.

రంగాచార్యులవారు 1928లో, నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న చినగూడూరున జన్మించిరి, 2015లో స్వర్గస్థులైరి. మహాకవి దాశరథి కృష్ణమాచార్యులవారికి సోదరులు. నిజాము నిరంకుశత్వముపై సాగిన పోరాటమున స్వయముగా పాల్గొనిరి. పోరు చల్లారి దాదాపు ఇరువది ఏండ్లు గడచిన పిదప, 1969లో, వారి ‘చిల్లర దేవుళ్లు’ వెలువడినది. అంతటితో నిలువక ‘మోదుగుపూలు’, ‘జనపదము’ అను నవలలలో ఆ కథాకాలమును పోరాట దినములకును, పిమ్మట స్వతంత్ర భారతము నాటికిని కొనివచ్చిరి. ఇట్లు ఒక ప్రాంతపు జీవితమును తరము వెంట తరముగా చెప్పుట మన భాషలో సామాన్య కృషి కాదు.

ఈ బాటను వారికి ముందు వేసినవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను ఊరూర త్రిప్పి అమ్మి, కారాగారవాసము లనుభవించి, ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలను రచించిన త్యాగి ఆయన. 1961లో ఆయన కన్నుమూసిరి. ఆయన ఎత్తిన భారమును రంగాచార్యులవారు భుజమున నిడుకొనిరి.

‘చిల్లర దేవుళ్లు’ అను పేరిలోనే గ్రంథసారము కలదు. హైదరాబాదున ఒక పెద్ద ప్రభువుండెను. ఆయనను పల్లె రైతు జన్మలో చూచి యెరుగడు. అతడెరిగిన దేవుళ్లు వేరు: గడిలో దేశముఖు, చావడిలో కరణము, వారి వెనుక నిలిచిన పోలీసుపటేలు. పెద్ద ప్రభువు ఫర్మానా కాగితము మీదనే యుండును. చిల్లర దేవుని ఆజ్ఞ మాత్రము వీపుమీద పడును. దౌర్జన్యము సింహాసనమునుండి నేరుగా గుడిసెకు రాదు. నడుమనున్న చిన్న చేతులనేకములు దానిని అందుకొని అందించును. ఈ సత్యము చరిత్రగ్రంథములు చదివిన వారికంటె ఈ నవల చదివినవారికి సులభముగా బోధపడును.

ఆ గడి లోపలనే అసలు ధర్మసంకటము. గానవిద్య నేర్చిన సారంగపాణి దొరయింట ఆశ్రయము పొందును. సంగీతము విని తలయూపు ఇల్లే ఆడబాపను గూడ పోషించును. ఆడబాప యనగా దొరల ఆడపిల్లకు అత్తవారింటికి తోడుగా పంపబడిన దాసి. ఆమెకు పెండ్లి లేదు, తన దేహముపై తనకు హక్కు లేదు. ఆమె కన్న బిడ్డకు తండ్రి పేరు లేదు. అన్నము పెట్టిన చేయియే అన్యాయము చేయుచుండగా, ఆ అన్నము తినిన కళాకారుడు ఏమి చేయవలెను? తండ్రిని ప్రేమించు కూతురు ఏ పక్షమున నిలువవలెను? ఈ ప్రశ్నలు ఒక్క గడికి చెందినవి కావు. అన్యాయము పరాయివాడు చేసినపుడు ఎదిరించుట కష్టమే గాని, ధర్మము తెలియుట కష్టము కాదు. మనవాడు చేసినపుడే మనుష్యుని పరీక్ష.

కొందరందురు: ‘గడులు కూలినవి, జాగీర్లు 1949లో రద్దయినవి, ఆ వంశీయులును, వెట్టిచేసిన వారి వంశీయులును నేడు ఒకే ఊర కలసి బ్రదుకుచున్నారు, పాత పుండ్లు రేపనేల?’ ఈ మాటలో సదుద్దేశము లేకపోలేదు. తాత చేసిన పాపమునకు మనుమడు దోషి కాడు. కాని తెలిసికొనుటకు మాత్రము బాధ్యుడు. దాచిన గాయము మానదు; పైకి చర్మము కట్టి లోన కుళ్లును. మరికొందరందురు: ‘పోరాటమున పాల్గొన్నవాడు నిష్పక్షపాతముగా వ్రాయునా?’ ఇది అడుగదగిన ప్రశ్న. నవల సాక్ష్యమే గాని తీర్పు కాదు. కావుననే 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వంటి గ్రంథములను ప్రక్కన నుంచుకొని చదువవలెను. నెపోలియను దండయాత్ర జరిగిన ఏబది ఏండ్లకు టాల్‌స్టాయి దానిని నవలగా మలచెను. రష్యనులు చరిత్రకారులను మానలేదు, టాల్‌స్టాయినీ విడువలేదు.

ఈ విషయమున మన జిల్లాకు ప్రత్యేక బాధ్యత కలదు. 1930లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది మన జోగిపేటలోనే. అధ్యక్షత వహించినది ఆ ప్రతాపరెడ్డిగారే. తెలుగున మాటాడుటయే తప్పుగా తోచిన రాజ్యమున తెలుగువాడు సభ తీర్చి తన కష్టము చెప్పుకొనిన తావు అది. పల్లెజనుల నుడికారమునకు తన సంభాషణలలో ఉచితాసన మిచ్చిన రంగాచార్యులవారు ఆ సభకు వారసులే యనవచ్చును.

నేడు పోతిరెడ్డిపల్లి చౌరస్తానుండి పటాన్‌చెరువు వరకు బాట పొడవున పరిశ్రమలు వెలసినవి. ఒకనాడు దూరపు పల్లెలనుండి గడికి వెట్టికై పోయినవారి మనుమలు నేడు ఫ్యాక్టరీలకు పనికి పోవుచున్నారు. కూలి కలదు, చట్టము కలదు, వోటు కలదు. ఈ భేదమును తక్కువ చేయరాదు. అయినను కార్మికునికిని యజమానికిని నడుమ గుత్తేదారుడు, మేస్త్రీ, దళారి నిలిచియే యున్నారు. అందరును చెడ్డవారని మా మాట కాదు. కాని చట్టము పుస్తకమున నుండగా ఆజ్ఞ వేరొకని నోట వెలువడు చోటెల్ల చిల్లర దేవుడు పుట్టుటకు తావు కలదు. వానిని గుర్తింపగల కన్ను మనకు కావలెను. ఆ కన్నును ఈ నవలలు ఇచ్చును.

కావున సంగారెడ్డి గ్రంథాలయాధికారులకును, ఊరూరి పఠనమందిరముల నిర్వాహకులకును మనవి. ఆళ్వారుస్వామి, రంగాచార్యుల నవలలను బీరువాలో తాళమువేసి గౌరవింపకుడు. రెండేసి ప్రతులు తెప్పించి బల్లమీద నుంచుడు. వారమున కొకదినము ఒక ప్రకరణము బిగ్గరగా చదివింపుడు. అక్షరములు రాని వృద్ధులను పిలువుడు. వారు విని ‘మా ఇంటను ఇట్లే జరిగినది’ అని చెప్పినచో ఆ మాటను వ్రాసి భద్రపరచుడు. ఆ తరము వేగముగా తరలిపోవుచున్నది. వారు పోయిన పిదప ఎన్ని గ్రంథాలయములు కట్టినను ఆ మాట దొరకదు.