చిత్తు కాగితాలు కావవి

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చలం పాత ప్రింటు దొరికితే ఫొటో తీసి గొప్పగా పోస్టు పెడతాం. పక్కనే గొంతుక్కూర్చుని పాత స్పోర్ట్‌స్టార్‌లు తిరగేసేవాణ్ణి చూస్తే మాత్రం "పోస్టర్ల పిచ్చి" అని నవ్వుతాం. నా కోపం ఆ నవ్వు మీదే.

నేనూ ఆ పిచ్చివాళ్లలో ఒకణ్ణి. పటౌడీ సంపాదకుడిగా ఉన్నప్పటి స్పోర్ట్స్‌వరల్డ్ ఒకటి నా దగ్గరుంది. అందులో అచ్చుతప్పు పడ్డ స్కోరుని ఎవరో నీలం సిరాతో దిద్దారు. కవిత్వం పుస్తకం మార్జిన్లో రాసుకుంటే రసజ్ఞత, ఇది మాత్రం పిచ్చా? (ఆటోగ్రాఫు బ్యాట్లు వేలంలో కొనేవాళ్ల సంగతి వేరు. అది వ్యాపారం.)

నాంపల్లి స్టేషన్ నుంచి లాల్ బహదూర్ స్టేడియందాకా నడిచి వెళ్లొచ్చు. ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ టీమే అన్న రోజులు ఈ ఊరికుండేవి. ఆ టీముని తయారుచేసిన రహీం సాబ్, ఒకప్పటి బడిపంతులు, ఇండియాని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చాడు. మరుసటేడే క్యాన్సర్‌తో పోయాడు. 2024లో హిందీవాళ్లు సినిమా తీసేదాకా మన సాహిత్య పేజీల్లో ఆయన పేరు ఎన్నిసార్లు చదివారు?

ఆ చరిత్రని కత్తిరించి, మైదాపిండితో అంటించి దాచుకున్నది అభిమానులే. వాళ్లు పోయాక పిల్లలు తూకానికేస్తారు. ఈసారి చలం కోసం వంగినప్పుడు కింది కట్టలో అట్ట ఊడిన స్క్రాప్‌బుక్కేదన్నా ఉందేమో చూడండి. మీకక్కర్లేకపోతే నాకు చెప్పండి.