పాత బండికి కొత్త గేరు

ఈ నెల కారు ముచ్చట రాస్తున్న. కారుతో మనకేం పని అనుకోకండి. రింగ్ ఖాతాల పనిచేసినోళ్లకు ఇది జల్దినే సమజైతది. పండ్ల చక్రాల నడుమనే కద మన వయసంత గడిచింది.

మా చెల్లె కొడుకు అమెరికాల, మిషిగన్ రాష్ట్రంల నౌకరి చేస్తున్నడు. 1970 నాటి షెవర్లే షెవెల్ కారొకటి కొన్నడు. పెద్ద ఇంజన్ పెట్టి జోరుగ ఉరికేటట్టు చేసిన అసొంటి కార్లను అక్కడ మజిల్ కార్లంటరు, అంటే కండలు తిరిగిన బండ్లు. దాంట్ల ఉన్న పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సు తీసి కొత్త రకంది పెడుతనన్నడు. మా చెల్లె నాకు ఫోన్ చేసి, "అన్నా, ఇంటి అప్పు ఇంక తీరలేదు. వీడు ఆ తుక్కు బండి మీద పైసలు పోస్తున్నడు. నీ మాటైతే వింటడు, వద్దని చెప్పు" అన్నది. వద్దనే ముందు, అసలు ఎందుకురా అని వాణ్ణే అడిగిన. రెండు ఆదివారాలు ఫోన్‌ల చూపించుకుంట చెప్పిండు.

పాత గేర్‌బాక్సు పేరు టర్బో 350. దానికి మూడే గేర్లు. మూడో గేరుల ఇంజన్ ఒక చుట్టు తిరిగితే వెనక ఇరుసుకు పోయే షాఫ్టు కూడ ఒక చుట్టే తిరుగుతది. పెట్రోలు చవకగ ఉన్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1973ల అరబ్బు దేశాలు చమురు ఆపినంక ధర మండింది. తర్వాత జనరల్ మోటార్స్ వాళ్లు 1982 మోడల్ కార్లల్ల 700ఆర్4 అనే నాలుగు గేర్లది తెచ్చిండ్రు. ఆ నాలుగోదాన్నే ఓవర్‌డ్రైవ్ అంటరు. దాంట్ల ఇంజన్ 70 చుట్లు తిరిగితే షాఫ్టు 100 చుట్లు తిరుగుతది. మొదటి గేరు కూడ గట్టిది. పాతదాని లెక్క 2.52 అయితే దీనిది 3.06.

రింగ్ ఫ్రేముల కౌంటు మార్చాలంటే మనం మిషన్ మార్చం. డ్రాఫ్టు చక్రం విప్పి వేరే పండ్లది వేస్తం. కాని అంతటితోటి అయిపోదు. ట్విస్టు చక్రం చూడాలె, ట్రావెలర్ మార్చాలె. లేకుంటే దారం తెగుతనే ఉంటది. కారుల కూడ అంతే.

అందుకే ముందుగాల వెనక ఇరుసు లెక్క అడిగిన. వానికి తెల్వదు. "వెనక చక్రాలు రెండూ లేపి, కింద స్టాండ్లు పెట్టు. సుద్దతోటి గీత గీసి, రెండిటినీ కలిపి ఒక చుట్టు తిప్పు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూడు" అన్న. నాలుగుకు కొంచెం తక్కువ తిరిగింది. అంటే 3.73. టైరు ఎత్తు 26 అంగుళాలు. గంటకు 60 మైళ్ల మీద, అంటే మన 96 కిలోమీటర్ల మీద, పాత గేర్‌బాక్సుతోటి ఇంజన్ నిమిషానికి దగ్గర దగ్గర 2,900 చుట్లు తిరుగుతది. కొత్తదానితోటి 2,000. మోత తగ్గుతది, పెట్రోలు తగ్గుతది, అరుగుడు తగ్గుతది. అదే ఇరుసు 2.73 అయి ఉంటే 1,500 కూడ తిరగకపోవు, ఇంజన్ గుంజలేక మూలుగు. అప్పుడైతే నేనే వద్దందును.

ఇగ చుట్టుపక్కల పని. 700ఆర్4 మూడు అంగుళాలు పొడుగు. దాన్ని కింద మోసే అడ్డ కమ్మిని వెనకకు జరపాలె, షాఫ్టును అంత మేరకు కోసి మళ్లీ తూకం సరిచూడాలె. నూనె చల్లబడే ఏర్పాటు మంచిది పెట్టాలె. 1987 తర్వాతవి మొదటివాటికన్న గట్టివి, కొంటే అవే కొనాలె.

అన్నిటికన్న ముఖ్యమైంది ఒక తీగ. కార్బురేటర్ నుంచి గేర్‌బాక్సుకు పోతది. డ్రైవరు యాక్సిలరేటర్ ఎంత తొక్కిండో లోపలికి చెప్పేది అదే. పాతదాంట్ల అసొంటి తీగ తెగినా బండి నడుస్తది. దీంట్ల అట్ల కాదు. తీగ వదులుంటే లోపల నూనె వత్తిడి తగ్గి, క్లచ్చులు జారి, కొన్ని రోజుల్లనే కాలిపోతయి. వేల డాలర్ల పని ఆ తీగ కొలత మీద నిలబడ్డది.

అంత విన్నంక వానికి నాలుగు మాటలు చెప్పిన. ఇంటి కిస్తీ కట్టినంకనే బండికి రూపాయి. ఛాసీని కోయొద్దు. విప్పిన పాత గేర్‌బాక్సుకు నూనె రాసి, గుడ్డ చుట్టి దాచిపెట్టు. ఆ తీగ తెలిసినోడు సరిచూసేదాక బండి రోడ్డెక్కించొద్దు. వాడు ఎండకాలమంత నెలకు రెండుసార్లు మూడు గంటల దూరంల ఉన్న అక్క ఇంటికి ఆ బండి మీదనే పోతడు. దూరం పోయే బండికే ఈ ఖర్చు. షెడ్డుల నిలబెట్టే బండికైతే దండగ.

చెల్లెకు కూడ ఒక మాట చెప్పిన. తుక్కు అనొద్దు అన్న. 1982 అనంగనే మనకు జనవరి 18, బొంబాయి సమ్మె యాదికొస్తది. ఆ తర్వాత ఒక్కొక్క గిర్నీ మూతపడ్డది, నడిచే మిషన్లు కూడ తుక్కు ధరకు పోయినయి. ఏ చక్రం మారిస్తే ఇంకో పదేండ్లు నడుస్తదో మా ఫిట్టర్లను ఒక్కరూ అడగలేదు. పిల్లగాడు కనీసం అడిగిండు, లెక్క కట్టిండు.

మీ ఇండ్లల్ల కూడ పాత స్కూటరో, సాంచానో బాగుచేస్తనని పిల్లలు పైసలడుగుతరు. వెంటనే కాదనకండి, వెంటనే ఇయ్యకండి. కాగితం మీద లెక్క రాసుకొని రమ్మనండి. పెద్ద సామాను ధర ఎవడన్నా చెప్తడు. దాని చుట్టు మార్చాల్సిన చిన్న సామాన్లు కూడ ఆ కాగితం మీద ఉన్నయా చూడండి. ఉంటే వానికి పని తెలిసినట్టే, పైసలియ్యండి.